డిలీట్ కాని యాప్

అట్ల చూడకు మామా. జర కూసో. లోపల ఆపరేషన్ ఇంకా గంట పడ్తదన్నరు. నీ బిడ్డను ఈ దవాఖానకు తెచ్చింది నేనే, నా క్యాబ్‌లనే. రాయదుర్గం సిగ్నల్ కాడ గూడ ఆగలే.

తప్పు నాదే అంటవ్. సరే. కానీ ఫోన్ సంగతి గూడ ఇనాలె గదా?

నెల కిందట, హైటెక్ సిటీల ఒక కంపెనీ గేటు బయట సవారీ కోసం కూసున్న. టైమ్ పోతలేదని వీడియో చూస్తున్న. ఎవడో చెప్తుండు... మొగుణ్ని మోసం జేసేటోళ్లు ఫోన్ల సిస్టమ్ యాప్ ఎనక అన్నీ దాచిపెడ్తరంట, దానికి బొమ్మ కనిపించదంట, డిలీట్ గూడ కాదంట. నవ్విన మామా, ఒట్టు! నా భార్గవి గట్లాంటిదా అనుకున్న.

ఆ ఆదివారం తను స్నానానికి పోయింది. ఫోన్ చార్జింగుల ఉండె. సెట్టింగ్స్ తెరిచిన. ఉన్నది మామా! 'మెసేజ్ ప్రొటెక్ట్' అని. బొమ్మ లేదు. తీసేద్దమంటే బటన్ లేదు.

ఇగ నాకు నిద్రెక్కడిది? భార్గవి ఆఫీసు రిసెప్షన్ల కూసునే మనిషాయె, వచ్చినోళ్లందరితోని నవ్వుకుంట మాట్లాడాలె. పైంగ వెంకట్ అని ఒక మేనేజరు. "భార్గవిగారూ, రేపు కాస్త ముందుగా రాగలరాండీ" అని మెసేజ్. ఏందా అండీ? నా పెండ్లానికి ఆడు అండీ అనుడేంది?

మంగళారం మొదటి దెబ్బ కొట్టిన. చెంప మీద. మా బిడ్డ హర్షిణి హోంవర్క్ రాస్తుండె. పెన్సిల్ ఆపి చూసింది. మళ్ల రాసుకుంది.

ఆ తర్వాత బెల్టు. వీపు మీదనే కొట్టిన, డ్యూటీకి పోతే ఎవ్వరికీ కనబడొద్దని. చూసినవా మామా, అంత కోపంల గూడ నాకు ఆ తెలివి ఉన్నది.

తను నీకెందుకు చెప్పలేదంటవా? అది నన్నెందుకు అడుగుతవ్? నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల పక్కన నేనే కూసుంటి గదా.

ఇయ్యాల పొద్దుగాల మళ్ల అడిగిన. ఆ యాప్ తెరువు, ఆడెవడో చూపియ్యి అని. అది తెరుసుకోదు, అందులో ఏం లేదు అన్నది. జుట్టు పట్టి గోడకేసి కొట్టిన. నెత్తురు కారుకుంటనే నా జేబులకెళ్లి నా ఫోన్ గుంజింది. లాక్ నంబర్ తనకు తెల్సు. సెట్టింగ్స్ తెరిచి నా మొఖం ముందట పెట్టింది.

"సూడు. నీ దాంట్ల గూడ ఉన్నది. ఫోన్ తయారు జేసేటోళ్లే పెట్టి అమ్ముతరు. మరి నువ్వెవరితోని తిరుగుతున్నవ్ చెప్పు."

చూసిన మామా. అదే పేరు. అచ్చం అదే.

మనిషన్నోడు అక్కడ ఆగాలె గదా? కాళ్ల మీద పడాలె గదా?

తను తలుపు దగ్గర నిలబడి ఉండె. ఒక చేతిల నా ఫోన్, ఇంకో చెయ్యి దర్వాజ చట్రం పట్టుకొని ఉన్నది. తలుపు మూసిన. వేళ్లు ఇరిగిన సప్పుడు ఇన్న. మళ్ల తెరిచిన. మళ్ల మూసిన.

తను ఏ తప్పూ చెయ్యలేదని తెల్సినంకనే మూసిన మామా. అనుమానంతోని కొట్టిన దెబ్బ గాదు అది. ఓడిపోయిన గదా, తట్టుకోలేకపోయిన.

కిందికి ఎత్తుకొస్తుంటే పక్కింటి నర్సమ్మ ఏమైందని ఉరికొచ్చింది. "గాలికి తలుపు పడ్డది పెద్దమ్మా" అన్నది హర్షిణి. నేను నేర్పలే. ఏడేండ్ల పిల్ల.

ఏందీ? ఠాణాకా? పోదాం పద. నేనేం ఉరకను.

తన ఫోనా? నా తానే ఉంది, తీస్కో. ఇందాక రెండుసార్లు మోగింది. నీ బిడ్డ లోపల కత్తి కింద పండుకొని ఉంటే, నేనీడ కూసొని, ఎవడా అని తీసి చూసిన మామా.