సోమరి కోసం వెతుకులాట

చెన్నపట్నం కాలేజీ నుంచి సెలవులకు ఉదయగిరి వచ్చిన మనవడు వసారాలో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పక్కన అవ్వ వేయించిన చింతగింజలకు పొట్టు తీస్తూ ఉంది. ఆ పూటకు అవే తిండి.

"ఇంకా కాలేదంట్రా?"

"ఇంగ్లీషు వ్యాసం మెట్టుమెట్టుగా రాయాలవ్వా. ముందు చెప్పదలిచిన మాట, తర్వాత దానికి కారణం, ఆ తర్వాత ఉదాహరణ. అక్కడ ఆగిపోయినాను."

"దేని మీద?"

"కరువు మీద. రైతుల సోమరితనమే కారణమని రాయమన్నాడు మా కాలేజీ దొర. ఉదాహరణకు పని చెయ్యక ఆకలికి చచ్చినోడు ఒకడు కావాల."

"మనూళ్ళో సోమరంటే చెంచురామయ్యే. వాడికేం, దొరలు పోసే గంజికి రోజూ ముందు వరసలో కూర్చుంటాడు. గుండ్రాయి మాదిరి ఉండాడు."

"చచ్చినోళ్ళలో ఎవరూ లేరా?"

"మీ నాయన ఈ కరువులోనే గదరా, కూలికి రోడ్డు పనిలో రాళ్ళు కొట్టీ కొట్టీ చచ్చినాడు. వాణ్ణి సోమరంటావా?"

మనవడు కలం కింద పెట్టాడు.

"దొరకు నచ్చకుంటే పరీక్షకు పంపడవ్వా. ఇంక ఉద్యోగం మాటే లేదు."

అవ్వ పొట్టు తీసిన గింజలు మనవడి ముందుకు జరిపింది.

"వాణ్ణి సోమరనే రాసుకో నాయనా. నీ చదువు తప్ప మనకేముండాది? చచ్చినోడిది ఉదయగిరని మాత్రం రాయబాకు."