కోడి ఈకల అంగీ

బోసిపోయిందట! నా అంగీ బోసిపోయిందట! చేతులెత్తు తల్లీ, ఇంకాస్త పైకి. ఆఁ, అలా. పొద్దున్నే పొయ్యి దగ్గర అందరి ముందూ అనేసింది మా చెల్లెలు పష్కు. “అక్కా, ఇదిక పనికిరాదే, ఈకలన్నీ ఊడిపోయాయి. ఫొటోల్లో పెళ్ళికూతురు పీకిన కోడిలా కనిపిస్తోంది” అని. పీకిన కోడి! విన్నావా ఎంత మాటందో?

ఒంగు. తల దూర్చు. ఉండుండు, జుట్టు ఇరుక్కుంది. మొక్కజొన్న పీచులా ఉందమ్మా నీ జుట్టు.

నవ్వుతున్నావు. నవ్వు, నవ్వు. శాన్ క్రిస్తోబల్ పట్నం నుంచి ఆ తెల్లవ్యాన్లలో దిగే టూరిస్టులకి మా త్సోత్సిల్ భాష ఒక్క ముక్క కూడా రాదు. మీలో నాకు నచ్చేది అదొక్కటే. పోనీ ఫాదర్‌కి చెప్పుకుందామా అంటే, మా చెల్లెలి పిల్లలందరికీ జ్ఞానస్నానం చేయించిందాయనే. దాని చేతి చిక్కుడుగింజల కూర తినందే ఈ వీధి దాటడు. ఆయనకేం చెప్పను? నీకైతే చెప్పొచ్చు. చెప్పింది చెప్పినట్టు మర్చిపోతావు. అసలు వింటేగా మర్చిపోవడానికి!

అవతల వంటింట్లో గుక్కెడు పోష్ సారా తాగావు, గుమ్మడిగింజల పొడి జల్లుకుని రొట్టె తిన్నావు, నా చెల్లెలి మగ్గం ముందు కూచుని ఫొటో దిగావు. ఇప్పుడిక ఫొటోల కోసం ఉత్తుత్తి పెళ్ళి. పక్కగదిలో మీ ఆయనకి పష్కు మొగుడు, మా మరిది రోమిన్ రిబ్బన్ల టోపీ పెడుతున్నాడు. ఇక్కడ నీకు నేను అంగీ తొడుగుతున్నాను. పది నిమిషాల్లో వాకిట్లో మీ పెళ్ళి. రోజూ ఇదే, ఒక వ్యాను పోతే ఇంకో వ్యాను, ఇంకో పెళ్ళి. ఈ సినకంతాన్ ఊళ్ళో నా అంగీ వేసుకుని పెళ్ళాడినంతమంది ఇంకెవరి అంగీతోనూ పెళ్ళాడి ఉండరు.

నేనొక్కదాన్నే పెళ్ళాడలేదు.

అలా తిరుగు. అంచు చూసుకున్నావా? ఈ ఈకలు మా అమ్మ పెంచిన తెల్లకోళ్ళవి. ఒక్కో ఈకా నూలులో పెట్టి మెలేసి నేశాను. కోడి ఈకే ఎందుకో రోమిన్ మీకు చెప్పే ఉంటాడు. రోజూ చెబుతాడు, మీరంతా “ఓ...” అంటారు. కోడికి రెక్కలున్నా ఎగిరిపోదు, గింజలు జల్లిన వాకిలి వదిలి ఎక్కడికీ పోదు. పెళ్ళికూతురూ అట్లా ఉండాలని. అబ్బో, ఎంత చక్కగా చెబుతాడో. తనకేమీ తెలీనట్టు!

నన్నడిగారమ్మా, ముందు నన్నడిగారు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. రోమిన్ తరఫున నలుగురు పెద్దలు పోష్ సీసా పట్టుకుని వచ్చి మా నాన్న ముందు మోకాళ్ళ మీద కూచున్నారు. నాన్న సీసా తీసుకున్నాడు. తీసుకున్నాడంటే అయిపోయినట్టే కదా? రోమిన్ రెండేళ్ళు వస్తూ పోయాడు మరి, అరటిగెలలూ రొట్టెల బుట్టలూ మోసుకుని. వచ్చినప్పుడల్లా కట్టెలు కొట్టి పోయేవాడు. ఆ రెండేళ్ళూ పిల్ల పిల్లాడితో మాట్లాడకూడదు, తలెత్తి చూడకూడదు. నేను చూడలేదు. మగ్గం ఒక కొస దూలానికి, ఇంకో కొస నడుముకి కట్టుకుని ఈ అంగీ నేస్తూ కూచున్నాను. అతని కాళ్ళు మాత్రం చూశాను. ఎడమ మడమ మీద మచ్చ ఉంటుంది, నిప్పురవ్వ పడ్డది.

మరి వచ్చినవాడికి దాహం తీర్చేదెవరు? గిన్నెలో మొక్కజొన్న జావ పోసి చేతికందించేదెవరు? మగ్గానికి కట్టుకుని నేనున్నాను. పదహారేళ్ళ పష్కు ఖాళీగా ఉంది. నేను తల దించుకున్నంతసేపూ అది తలెత్తుకునే ఉంది!

నేను అంగీ పూర్తిచేసిన వారానికి ఇద్దరూ చెప్పాపెట్టకుండా పోయారు. నెల తర్వాత రెండు సీసాలతో తిరిగొచ్చి నాన్న ముందు తలలొంచారు. నాన్న చేత్తో తాకాడు. అమ్మ తాకింది. నా ముందూ వంచారు. వంచిన తలని తాకకపోతే బతికున్నంతకాలం పగ ఉన్నట్టు. ఊరంతా చూస్తోంది. తాకాను. దాని తల వేడిగా ఉంది. అతని తల... చల్లగా ఉంది. జుట్టు తడి ఆరలేదు.

ఏంటీ? ఓ, నడికట్టు బిగుతయిందా? వదులు చేస్తాలే. నీ తప్పు కాదు, నా చేతిదే.

తర్వాత నన్నెవరూ అడగలేదనుకోకు. పెళ్ళాం పోయినవాడొకడు వచ్చాడు, చేమంతి తోటలున్నవాడు. నేనే వద్దన్నాను. పెట్టెలో అంగీ, ఇంట్లో నేను. వ్యాన్లు రావడం మొదలయ్యాక మా చెల్లెలు వచ్చి ఏమందో తెలుసా? “అక్కా, పెట్టెలో పురుగు పట్టేదానికి, నలుగురు తొడుక్కుంటే ఏం పోయిందే?” అని. ఏం పోయిందో దానికి చెప్పాలా నేను?

అయినా ఇచ్చాను. దాంతోపాటు నేనూ వచ్చాను, ఈ గదిలోకి.

కదలకు. కదలకమ్మా, ఇక్కడ చిన్న ముడి...

అయ్యో. చూశావా? నా చేతిని చూశావా?

ష్... అరవకు. దా, కళ్ళు అంత పెద్దవి చెయ్యకు. అవును, పీకాను. ఒక్క ఈక. ఇదిగో. ఇన్నాళ్ళలో నన్ను పట్టుకున్నది నువ్వొక్కదానివే, నీ కళ్ళు మంచివి.

అందరికీ పీకనమ్మా. ముసలమ్మలకి పీకను. మొగుణ్ణే చూసుకుంటూ నిలబడేవాళ్ళకి పీకను. కొందరు ఒంటరిగా వస్తారు కదా, పొడుగు కాళ్ళ పిల్లలు. వాళ్ళకి పెళ్ళికొడుకు ఎవరనుకున్నావు? మా మరిదే! రిబ్బన్ల టోపీ తనే పెట్టుకుని పక్కన నిలబడతాడు. పిల్ల భుజం మీద చెయ్యేస్తుంది. ఇతను పళ్ళన్నీ బయటపెట్టి ఇకిలిస్తాడు. నా చెల్లెలేం చేస్తుందనుకున్నావు? పడీపడీ నవ్వుతూ ఆ ఫోను తీసుకుని తనే ఫొటో తీస్తుంది! “ఇంకాస్త దగ్గరికి జరుగయ్యా, సిగ్గా?” అంటుంది. దానికి మండదు. దానికెందుకు మండుతుంది, సాయంత్రానికి టోపీ తీసేసి దాని పక్కనే కూచుని కూర తింటాడుగా. మండేది నాకు. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల నా అంగీలో, అతని పక్కన! అంగీ తొడిగేటప్పుడో విప్పేటప్పుడో ఒక ఈక పీకేస్తాను. నడికట్టులో దోపుకుని కోళ్ళగూడు దగ్గర పారేస్తాను. కోళ్ళ మధ్య కోడి ఈకని ఎవడు పట్టించుకుంటాడు?

నీదెందుకు పీకాననా? నిజమే, నువ్వు మొగుడితో వచ్చావు. ఇందాక రొట్టెలు తినేటప్పుడు రోమిన్ నిన్ను చూసి, “ఈ పిల్ల మా పష్కులా నవ్వుతుంది” అన్నాడు. అందుకు.

ఒక్కో ఈకే కదా అనుకున్నాను. ఆరేళ్ళయిందమ్మా. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు. ఒట్టి నూలు.

అదీ సంగతి. పక్కూరు నాచిగ్‌లో ఎవరికో కొత్త అంగీ నెయ్యడానికిచ్చారట, నాకు చెప్పకుండానే. సోమవారం వస్తుందట. కొత్త అంగీతోపాటు ఈ గదిలోకి మా చెల్లెలి కూతురు లోషా వస్తుందట. దానికి స్పానిష్ వచ్చు, మీతో నాలుగు ముక్కలు మాట్లాడుతుంది. మరి నేను? “నువ్వు పొయ్యి దగ్గర రొట్టెలు చూసుకో అక్కా, నీకక్కడ వెచ్చగా ఉంటుంది.” వెచ్చగా! నన్నీ గదిలోంచి గెంటింది నా చెల్లెలని ఎవరిమీద అరవను? పీకింది నా చేతులే కదా.

రొట్టెలు చెయ్యలేక కాదమ్మా ఈ ఏడుపు. నాకీ గది కావాలి. ఈ గదే కావాలి. ఎందుకో...

ఆగు. విను.

“వదినా! పెళ్ళికూతురు సిద్ధమేనా?”

విన్నావా? అదీ. అందుకు.

ఆ రెండేళ్ళూ రోమిన్ నాతో మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. ఆ తర్వాత నేను వదిననయ్యాను, ఉప్పందించమనీ కుక్కని తరమమనీ తప్ప వదినతో ఏం మాట్లాడతాడు? నా పేరు మతల్. అతని నోట ఒక్కసారి కూడా వినలేదు. కానీ ఈ మాట చూడు, పెళ్ళినాడు గడప అవతల నిలబడి నా గురించి అడగాల్సిన మాట. అది మాత్రం రోజూ అడుగుతాడు. ఈ తలుపు అవతలే నిలబడి. ముందర ఆ ‘వదినా’ ఒకటుంది. దాన్ని వినబడనట్టు దాటేస్తాను. మిగతాదంతా నాదే.

లోపలినుంచి “సిద్ధమే” అని చెప్పేది నేను. మీరెవరూ చెప్పరు, మీకు భాష రాదుగా.

ఎప్పుడైనా తొడుక్కున్నావా అని అడుగుతున్నట్టుంది నీ మొహం. లేదమ్మా. ఒక్కసారి కూడా. అయినా చూడు, తొడుక్కోకుండానే ఈ ఈకలు నామీద పనిచేశాయి. వాకిలి దాటి ఎక్కడికైనా పోయానా?

ఏయ్, ఎక్కడికి? తలుపు దగ్గరికి అప్పుడే పోకు. వాకిట్లో నీ మొగుడు ఎక్కడికీ పారిపోడు. ఇవాళ శనివారం, రేపు సెలవు, ఈ వారానికి ఆఖరి వ్యాను మీదే. ఎల్లుండి లోషా ఉంటుంది ఇక్కడ.

నిలబడు. కిక్కురుమనకు. నేనింకా జవాబు చెప్పలేదు.

ఇంకోసారి పిలవనీ.