చర్చ రోజు వచ్చిన జ్వరం

ట్యునీసియాలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. కుళాయిలు ఎండిపోయిన వేసవి, దానికి తోడు మునిసిపల్ ఎన్నికలు. సాయంత్రం నాలుగు దాటింది. పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకడైన తిజానీ తన పడకగదిలో దుప్పటి కప్పుకొని ఉన్నాడు. భార్య మన్నూబియా మంచం పక్కన నిలబడి ఉంది.

"ఇంకాస్త కిందికి లాక్కోండి. బూట్లు కనపడుతున్నాయి."

"బూట్లా? అయ్యో! విప్పు, విప్పు, తొందరగా."

"మీరే విప్పుకోండి. లేవలేనంత జ్వరమని బడికి కబురు పంపింది మీరు. నేను కాదు."

"ఇది నవ్వులాట కాదు మన్నూబియా. మాస్టారు ఏమన్నాడు? ముందు అది చెప్పు."

"ఏమంటాడు పాపం! బడి ఆవరణ ఊడిపించాడు, కుర్చీలు వేయించాడు, మీకో బల్ల, మీకు పోటీగా నిలబడ్డ సిదీ లస్సాద్‌కో బల్ల పెట్టించాడు. ఊరంతా వచ్చి కూర్చున్నాక అందింది మీ కబురు. మైకులో చెప్పేశాడు, సిదీ తిజానీకి ఒంట్లో బాగాలేదు, ఇవాళ చర్చ లేదు అని."

"అల్‌హమ్‌దులిల్లా!"

"జ్వరం వచ్చినందుకు దేవుణ్ణి పొగిడే మనిషిని ఇప్పుడే చూస్తున్నా."

"అది కాదు... జనం ఏమన్నారు? తిట్టారా?"

"ఒక్కరూ తిట్టలేదు."

"చూశావా! మొదటిసారి ఎండ ఎక్కువగా ఉంది, వాయిదా వేద్దామంటే గొణిగారు. రెండోసారి జనాజాకి పోవాలంటే..."

"ఆ పోయినాయన ఎవరో మీకు ఇప్పటికీ తెలీదు."

"సాటి ముస్లిం. చాలదా? సరేలే. జబ్బు అనేసరికి ఒక్కడూ నోరెత్తలేదు చూడు. మొదటిసారే ఈ మాట అనాల్సింది."

"నోరెత్తలేదు గానీ, లేచారు."

"లేచి?"

"లేచి బయల్దేరారు."

"వాళ్ళ ఇళ్ళకి."

"మనింటికి."

"మనింటికి... ఎందుకు?"

"ఎందుకేమిటండీ! ఊళ్ళో మనిషికి జబ్బు చేస్తే చూడకుండా పోతారా? రోగిని పలకరించడం దేవుడి పని అని శుక్రవారం శుక్రవారం ఇమాము చెప్పేది వినేవాళ్ళే కదా అంతా. మామూలుగా అయితే ఆ నోటా ఈ నోటా తెలిసి, ఇవాళ ఒకరు, రేపు ఒకరు వచ్చేవాళ్ళు. ఇవాళేమో అంతా ఒక్కచోటే కూర్చుని ఉన్నారు, పైగా మైకులో విన్నారు. కట్టగట్టుకుని వస్తున్నారు."

"అంతా అంటే... ఎంతమంది?"

"మన వాకిలి పట్టినంత మంది. మిగతావాళ్ళు వీధిలో నిలబడతారట. మనింట్లో చాలవని మాస్టారు కుర్చీలు కూడా మోయిస్తున్నాడు."

"యా రబ్బీ! నిద్రపోతున్నానని చెప్పు. డాక్టరు ఎవరినీ చూడొద్దన్నాడని చెప్పు."

"నేను చెప్పను."

"ఒక్క మాట!"

"ఒక్క మాట కూడా చెప్పను. మీ తరఫున నేను చెప్పిన అబద్ధాలు చాలు. పొద్దున్నే ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడితే ఆడవాళ్ళంతా నా వైపే తిరుగుతారు. మీ ఆయన ఏమంటున్నాడు, కుళాయిలో నీళ్ళెప్పుడు అని. శుక్రవారం అంటాను. ఆ శుక్రవారం పోతుంది. వచ్చే శుక్రవారం అంటాను. అనేసి ఇంటికొచ్చి, వుజూ చేసి కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి నీళ్ళు చాలక మట్టి తాకి చేతులు తుడుచుకుని నమాజుకి నిలబడతాను. నీళ్ళు లేనప్పుడు మట్టితో చేతులు శుభ్రమవుతాయని దేవుడే సెలవిచ్చాడు. మరి నోరు దేంతో తుడుచుకోవాలో అది కూడా మీరే చెప్పండి."

"నేనేం చేయను మన్నూబియా! ఆ నీళ్ళ శాఖ ఇంజనీరు వచ్చి చెప్పకపోయినా బాగుండేది."

"చెప్పాడు కదా. మిమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. కొత్త బావిలోకి ఉప్పు దిగింది, ఈ వేసవికి ఇక ఆ నీళ్ళు పనికిరావు, ఊరికి మీరే చెప్పండి అని. మీ ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలీదు."

"నీకు తెలుసుగా."

"మీరు నిద్రలో మాట్లాడతారు."

"ఎవరు ముందు చెబితే వాడు ఓడిపోతాడు. లస్సాద్ చెప్పనీ. వాడు చెప్పాక నేను కూడా అవునంటా."

"ఆయన ఇంట్లో ఆయన కూడా ఇదే అంటున్నాడేమో. ఇదుగో, వచ్చేశారు. అడుగుల చప్పుడు వినపడుతోందా? పడుకోండి."

"నుదుటి మీద తడిగుడ్డ వెయ్యి!"

"తడి ఎక్కడిదండీ? పొడిగుడ్డ వేస్తా."

"మొహం ఎలా ఉంది? జ్వరం ఉన్నట్టు ఉందా?"

"మధ్యాహ్నం హరీసా కారం వేసుకుని రెండు చేపలు తిన్నట్టు ఉంది. మూలగండి... అంత గట్టిగా కాదు, పురిటి నొప్పులనుకుంటారు. ముందు పెద్దమ్మే వస్తోంది. రా ఖాల్తీ జుబైదా, లోపలికి రా. మెల్లగా. గడప ఉంది చూసుకో."

"ఎక్కడున్నాడే పిల్లాడు? ఏరా తిజానీ, ఏమైందిరా నీకు?"

"ఏం లేదు ఖాల్తీ... కొంచెం ఒళ్ళు... ఈ ఎండలో నువ్వెందుకు వచ్చావు, ఈ వయసులో?"

"బాగుందిరా! మీ అమ్మ పోయేటప్పుడు నా చేతిలో చెయ్యి వేసి, వాణ్ణి చూసుకో అంది. చూసుకోనా? ఏదీ, నుదురు చూపించు. ఈ గుడ్డ తియ్యి... ఇదేమిటే మన్నూబియా, చల్లగా ఉన్నాడు!"

"లోపలి జ్వరం ఖాల్తీ."

"లోపలిదే చెడ్డది. బయటికి వస్తే పోతుంది. ఉండు, చదివి ఊదుతాను... బిస్మిల్లా... అల్లా, ఈ బిడ్డ కష్టం తీసెయ్యి, దాచిపెట్టిన రోగాన్ని బయటికి లాగెయ్యి... ఏరా, ఉలిక్కిపడ్డావేం?"

"ఏం లేదు. ఊదితే చలేసింది."

"ఇదుగో, ఇవి తాగు. జ్వరం ఉన్నవాడు నీళ్ళు తాగుతూ ఉండాలి."

"నీళ్ళా? ఎక్కడివి ఖాల్తీ?"

"ట్యాంకరువి. తెల్లారకముందే పోయి నిలబడ్డాలే. మంచి నీళ్ళే, గుడ్డలో వడగట్టా."

"మరి నీకో?"

"నాదేముందిరా, ఎండిపోయిన ముసలిదాన్ని, ఎంత తాగుతాను? ఎలాగూ శుక్రవారం కుళాయిలో వస్తాయిగా. నువ్వే అన్నావట, మీ ఆవిడ చెప్పింది. తాగు నాయనా. ఏమిటలా చూస్తావు? సీసా కడిగే తెచ్చా."

"దాహం లేదు ఖాల్తీ."

"తాగండి. పెద్దావిడ తెచ్చింది."

"నువ్వు ఊరుకో మన్నూబియా... తర్వాత తాగుతా ఖాల్తీ. ఒట్టు. తర్వాత."

"సరే, ఇక్కడ పెడుతున్నా. నేను వాకిట్లోనే ఉంటాలే, చీకటి పడ్డాక ఇంకోసారి ఊదుతాను. అల్లా నయం చేస్తాడు."

"వెళ్ళిందా?"

"వెళ్ళి కూర్చుంది. మీకు తాగబుద్ధి కాలేదేం?"

"ఆ సీసా అవతల పెట్టు. నా కళ్ళ ముందు వద్దు."

"ఎన్నని అవతల పెట్టను? వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక సీసా ఉంది. రోగి ఇంటికి ఉత్త చేతులతో రాకూడదని ఇంట్లో ఉన్నది పోసుకొచ్చారు. మామూలు రోజుల్లో పళ్ళు, పంచదార తెచ్చేవాళ్ళు. ఇవాళ నీళ్ళకంటే గొప్పదేముంది? వంటింటి నిండా సీసాలే. మనకి రెండు వారాలు సరిపోతాయి."

"తిరిగి ఇచ్చేద్దాం."

"రోగి కోసం తెచ్చింది తిరిగిస్తే ఆ మనిషిని కొట్టినట్టు. రోగం లేదని చెప్పి ఇస్తే పుచ్చుకుంటారేమో."

"నన్ను ఏడిపించకు."

"నేను ఏడిపించట్లేదండీ. అడుగుతున్నాను, అంతే. ఇదుగో, సిదీ లస్సాద్ కూడా వచ్చాడు. రండి, రండి. మీ కోసమే ఎదురు చూస్తున్నారు."

"అస్సలాము అలైకుం, సిదీ తిజానీ! దేవుడు మీకు ఆరోగ్యం ఇచ్చుగాక. పోటీ పోటీయే, మనిషి మనిషే. వినగానే వచ్చేశాను. మా మందుల షాపులోంచి థర్మామీటరు కూడా తెచ్చాను."

"వ అలైకుం సలాం, సిదీ లస్సాద్. మీకెందుకండీ శ్రమ. థర్మామీటరు ఎందుకు?"

"నాకు శ్రమేముంది? ఊరి క్షేమం కోసం ఎంతైనా చేస్తాను."

"మీరు మాట్లాడుకుంటూ ఉండండి సిదీ లస్సాద్. ఇవాళ మా ఇంట్లో నీళ్ళకి కొదవలేదు, పుదీనా టీ పెట్టుకొస్తాను."

"వెళ్ళిందా తిజానీ?"

"వెళ్ళింది."

"లేవరా దొంగా."

"మెల్లగా! నువ్వు దొంగవి. ఎందుకొచ్చావు?"

"రాకుండా ఎలా? ఊరంతా నీ ఇంటికి బయల్దేరితే నేనొక్కణ్ణే రాకపోతే ఏమనుకుంటారు? ఒక్క ఓటు పడుతుందా? ముందు నోరు తెరువు, థర్మామీటరు పెడతా."

"చాల్లే. నువ్వసలు బడికి ఎప్పుడొచ్చావు? నిజం చెప్పు."

"చర్చకే వచ్చా."

"ఎప్పుడు?"

"...మైకులో నీ సంగతి చెప్పాక."

"అంతకుముందు?"

"కారులో. మలుపు దగ్గర. నువ్వు లోపలికి పోతే ఇంజను చెడిపోయిందని కబురు పంపి ఇంటికి పోదామనుకున్నా. నీకు జ్వరమని వినగానే దర్జాగా లోపలికి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నా. చప్పట్లు కొట్టారు తెలుసా?"

"సిగ్గు లేదురా నీకు."

"దుప్పటి కింద చెమట కారుస్తున్నవాడు నాకు సిగ్గు నేర్పుతున్నాడు!"

"నీ పోస్టరు మీద ఏముంది? 'రోజంతా నీళ్ళు'. రోజంతా! నాది చూడు, 'ప్రతి కుళాయికీ నీళ్ళు' అన్నా. ఎప్పుడో చెప్పలేదు."

"నీ భార్యతో శుక్రవారం అని చెప్పిస్తున్నావుగా. మా షాపుకొచ్చిన ప్రతివాడూ శుక్రవారం అంటున్నాడు."

"దాని సంగతి ఎత్తకు... లస్సాద్, ఆ బావి నిజంగా పోయిందంటావా? ఇంజనీరు పొరబడ్డాడేమో."

"షాపులో నేనూ పరీక్ష చేశా. రెండుసార్లు. పోయిందిరా. ఆ నీళ్ళు కళ్ళాపికి కూడా పనికిరావు."

"నేను నాలుక మీద వేసుకుని చూశా. సముద్రమే."

"ట్యాంకర్ నింపే పాత బావి ఒక్కటే మిగిలింది."

"అది చాలదు."

"వంతులు వేస్తే చాలుతుంది. ఒకరోజు కొండ పేటకి, ఒకరోజు రేవు పేటకి. నేను లెక్క వేశా."

"వంతులు వేసినా చాలదు, మీ బావమరిది షెడ్డులో పొద్దస్తమానం కార్లు కడుగుతుంటే."

"మరి మీ అన్న హోటల్లో ఈతకొలను? అందులో దిగేవాడు లేకపోయినా నింపుతూనే ఉంటాడు."

"మా అన్నని ఏమన్నా అంటే పండక్కి నా గడప తొక్కడు."

"మా బావమరిదిని అంటే మా ఆవిడ నాకు అన్నం పెట్టదు."

"...సరే. కొలను మూయిస్తా. నువ్వు షెడ్డు మూయిస్తే."

"ముందు నువ్వు."

"ముందు నువ్వు!"

"ఒకే రోజు."

"ఒకే రోజు. సరే. ట్యాంకర్ ముందు కొండ పేటకి పోవాలి, అక్కడ ముసలివాళ్ళు ఎక్కువ. ఖాల్తీ జుబైదా తెల్లారకముందు దిగి వస్తోంది, పాపం."

"ఒప్పుకున్నా. మా రేవు పేటవాళ్ళు నన్ను చంపుతారు, అయినా ఒప్పుకున్నా. చూశావా తిజానీ, ఎంతసేపు పట్టింది? ఇంకా టీ కూడా రాలేదు."

"మరి ఇదే మాట బడిలో బల్ల దగ్గర కూర్చుని ఎందుకు అనలేకపోయాం?"

"అక్కడ జనం ఉంటార్రా."

"ఎన్నికలయ్యాక చెబుదామా?"

"అయ్యాక చెబితే గెలిచినవాడి మొహాన ఉమ్మేస్తారు."

"ముందు చెబితే ఓడిపోతాం."

"ఇద్దరం చెబితే ఇద్దరం ఎలా ఓడిపోతాంరా? ఎవడో ఒకడు గెలవాలి కదా."

"అవునే! ఇది నాకు తట్టలేదు. అయితే నువ్వే ముందు..."

"మళ్ళీ మొదలెట్టావా?"

"భయంరా లస్సాద్. ఇందాక ఖాల్తీ తను తాగే నీళ్ళు తెచ్చి ఇక్కడ పెట్టింది. శుక్రవారం ఎలాగూ వస్తాయిగా అంది. ఈ శుక్రవారం రావు, వచ్చే శుక్రవారం రావు, ఈ వేసవి పోయేదాకా కుళాయిలో చుక్క రాదు ఖాల్తీ, మేమిద్దరం నీకు అబద్ధం చెప్పాం అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయా."

"నేనైతే ఆ సీసా వైపు చూడలేకపోతున్నా."

"బయట చప్పుడు లేదేంటి? పోయారా అంతా?"

"నమాజు వేళ దగ్గరపడింది కదా. మసీదుకి పోయుంటారు."

"హమ్మయ్య. మన్నూబియా! టీ ఏమైంది?"

"టీ ఎవరికీ వద్దటండీ. మీ ఇద్దర్నీ కాస్త గట్టిగా మాట్లాడమంటున్నారు. వాకిట్లో వెనక కూర్చున్న ఖాల్తీ జుబైదాకి శుక్రవారం సంగతి సరిగా వినపడలేదట."