మినుము సీడింగు

తెనాలిలో ఇంటర్నెట్ ఆఫీసు. దుగ్గిరాల నుంచి బస్సులో వచ్చిన శేషగిరిరావు, తన పేరు మీదొచ్చిన నోటీసు అక్కడి కుర్రాడి బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్ గారూ, మీ ఇంటి నెట్‌లో ఎవరో కొత్త సినిమా దొంగకాపీ దింపారండి. సినిమావాళ్ళు కేసంటున్నారు."

"నాకు ఫోనెత్తడం తప్ప ఏం రాదబ్బాయ్. మా మనవరాలు శ్రావ్య మూడు రోజులు కంప్యూటరు ఆపనివ్వలేదు. ఏదో దిగుతోంది తాతయ్యా, కట్టేయకు అంది."

"అదేనండి. అది దిగుతుండగానే ఊళ్ళోవాళ్ళందరికీ పోతుంటుంది. దాన్నే సీడింగ్ అంటారు. ఏ ఇంటి నుంచి పోయిందో మా దగ్గర తెలిసిపోద్ది."

"సీడింగా?" పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మొన్నొకమ్మాయి ఫోన్ చేసి, సీడింగ్ మీరే చేశారా అండీ అనడిగింది. వ్యవసాయాఫీసు అమ్మాయనుకున్నా."

"ఆ అమ్మాయి సినిమావాళ్ళ మనిషండీ! ఏం చెప్పారు?"

"నేనేనమ్మా, మూడెకరాల్లో నా చేత్తోనే చల్లానన్నా. వరి కొయ్యకముందు చల్లిన మినుము సంగతి."

"అయ్యో! అదంతా రికార్డయిపోయుంటదండి. నేను కాదు, పొరబడ్డానని రాసివ్వండి."

"రాసిస్తే వదిలేస్తారా?"

"మరి ఇంట్లో ఇంకెవరున్నారని అడుగుతారండి."

శేషగిరిరావు నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వచ్చే నెల శ్రావ్యకొచ్చిన గవర్నమెంటు ఉద్యోగానికి పోలీసులు, కేసులేమైనా ఉన్నాయా అని ఎంక్వయిరీకొస్తారు.

"అబ్బాయ్, ఆ సీడింగ్ ఎట్టా చేస్తారో నాకు ఇంకోసారి నిదానంగా చెప్పు. కోర్టులో అడిగితే చెప్పాలిగా."