గద్దకి అంతుపట్టని ముడి

షైలోబెక్ కారుకి బ్రేకులున్నాయి గానీ నోటికి లేవని, కొండల నడుమ సూసమీర్ మైదానం మీదుగా తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. అయినా ఆయన బురుల్చా టీ దుకాణం ముందు ఆగాడంటే, దారిన పోయేవాళ్లు కూడా ఆగుతారు. వినడానికి ఖర్చేముంది!

ఆ మధ్యాహ్నం ఆయన రోడ్డువారగా వేసిన చెక్క అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా లారీ డ్రైవర్ ఎసెన్‌కుల్, పక్కన దుకాణం యజమానురాలు బురుల్చా. అరుగు చివర కూర్చుని అందరికీ టీ పోస్తున్నది షైలోబెక్ కోడలు జిపార్. ఆమె చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో వాళ్ల కారు నీడన నిలబెట్టి ఉంది. తలుపులన్నీ బార్లా తెరిచారు. వెనక కొత్తగా కొన్న పిల్లల సీట్లో ఆమె ఏడాది కూతురు ఐజిరేక్ నిద్రపోతోంది.

జిపార్ టీ పోస్తోందన్న మాటే గానీ ప్రాణమంతా ఆ సీటు మీదే ఉంది. ఇక్కడిదాకా ఎలాగో వచ్చారు. ముందు ఓత్మోక్ కనుమ ఉంది. అది దిగితేనే తలాస్ ఊరు, తలాస్‌లో ఆమె మొగుడు. దిగేటప్పుడు దారంతా పాము మెలికలే. పొద్దున బయల్దేరేముందు, మామగారు ఉయ్యాల పట్టీతో కట్టిన ఆ సీటు మీద ఆమె చెయ్యేసి చూస్తే పాలపన్ను కదిలినట్టు కదిలింది. "మామయ్యా, బెల్టు కూడా ఓసారి..." అని నసిగింది. "నీకు ఉయ్యాల కట్టడం నేర్పిందెవరు? మీ అత్త. మీ అత్తకి నేర్పిందెవరు? మా అమ్మ. ఎక్కు, ఎక్కు!" అన్నాడాయన. ఆ ప్రాంతపు ఇళ్లలో కోడళ్లు మామగారి పేరే పలకరు, ఇక ఎదురు చెప్పడం కూడానా? నోరు మూసుకుని ఎక్కింది. దారి పొడవునా ఒక చెయ్యి సీటుకి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఆ చేత్తోనే ఇప్పుడు టీ పోస్తోంది. తనమీద తనకే కోపంగా ఉంది.

"పిల్లకి సీటు మార్చడమంటే ఆషామాషీ కాదబ్బాయ్," అంటున్నాడు షైలోబెక్. "తల చిన్న సీటు అంచు దాటిపోయింది, పెద్దది కొన్నాం. అంగడివాడు నాకు పాఠం మొదలెట్టాడు, కారు బెల్టు ఈ కంతలో దూర్చు, ఆ కంతలోంచి లాగు, సీటు మీద మోకాలేసి బిగించు, పిల్లకి మందపాటి కోటు వెయ్యకు అని. నేనన్నా, ఒరేయ్, నీ బెల్టు ఫ్యాక్టరీ నాడా! మా అమ్మ నేసిన ఉయ్యాల పట్టీ ఉంది మా ఇంట్లో, నన్ను కట్టింది, నా కొడుకుని కట్టింది, మా వంశంలో ఒక్క పిల్ల ఉయ్యాల్లోంచి జారలేదు, పో అన్నా. దాంతోనే కట్టేశా. కట్టి, గట్టిదనం చూద్దామని ఒక్క గుంజు గుంజా. ఏమైందో తెలుసా?"

"ఊడొచ్చిందా బాబాయ్?" అన్నాడు ఎసెన్‌కుల్.

"నీ నోట్లో మన్ను పడ! కారే నా వెంట వచ్చేసింది. హ్యాండ్ బ్రేక్ వేసున్న కారు! వాకిలి దాటి, గేటు దాటి, పక్కింటివాళ్ల ఆలుగడ్డ మడిలో ఆగింది."

"వాళ్లు ఊరుకున్నారా?" అంది బురుల్చా.

"ఊరుకోక? పొలం దున్నినట్టయిందని దండం పెట్టారు. అది సరే, అసలు సంగతి విను. తోఅషూ సొరంగం అవతల పెట్రోలు అయిపోయింది. దిక్కుతోచక నిలబడ్డానా, ఒక జడల బర్రె వచ్చి కిటికీలో తల దూర్చింది. కొమ్ము పోయి పట్టీలో ఇరుక్కుంది. అది గుంజుతుంది, పట్టీ తెగదు. అది గుంజుతుంది, ముడి సడలదు. చివరికి విసుగొచ్చి పరుగందుకుంది, కారుతో సహా! సొరంగంలో నుంచి ఈడ్చుకొచ్చి ఇవతల పెట్రోలు బంకు ముందు నిలబెట్టింది."

"అంత సొరంగంలో చీకటి కదా బాబాయ్, బర్రెకి లైట్లు ఎవరు వేశారు?"

"నేనే వేశా, కారు లైట్లు! బర్రెకి బుద్ధుంది, నీకే లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇదిగో, ఇక్కడికి కూతవేటు దూరంలో, ఆకాశంలో గద్ద. మామూలు గద్ద కాదు, రెక్క చాపితే మైదానంలో గొర్రెలన్నీ సాయంత్రమైందనుకుని ఇంటిదారి పట్టాయి. పిల్లకి గొర్రెతోలు కోటు తొడిగానేమో, గొర్రెపిల్ల అనుకుంది. కిటికీలోంచి సీటు పట్టేసుకుని లేచింది. సీటు రాదే! సీటుతో కారు లేచింది, కారుతో నేను లేచా. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. గాల్లో మలుపు తిరుగుతుంటే ఇండికేటరు కూడా వేశా, అలవాటు కదా."

ఎసెన్‌కుల్‌కి టీ పొలమారింది. "మరి కోడలు పిల్లో?" అంది బురుల్చా.

"కారులోనే! దానికి ముడి మీద ఎంత నమ్మకమంటే, నిద్రపోయింది. గద్ద అలిసిపోయి కారు దింపి, ముక్కుతో ముడి విప్పబోయింది. పొడిచింది, పొడిచింది, ముక్కు వంకరపోయింది గానీ ముడి ఊడలేదు. మన కొండల్లో గద్దలన్నిటికీ ముక్కు వంకరెందుకనుకున్నావ్? అదీ సంగతి! నమ్మకపోతే మా కోడల్ని అడగండి, అబద్ధమాడదు. ఏమ్మా, ముడి సడలిందా? చెప్పు!"

అందరూ జిపార్ వైపు తిరిగారు. ఆమె మొహం కందిపోయింది. సడలలేదంటే పిల్లతో అలాగే కనుమ దిగాలి. సడలిందంటే పదిమందిలో మామగారి పరువు పోతుంది. కూజా కింద పెట్టింది. మాట్లాడకుండా లేచి కారులోకి వంగి, ముడి కొస మీద ఒక్క వేలు పెట్టి లాగితే ముడి ఊడిపోయింది. పిల్లతో సహా సీటు ఎత్తుకొచ్చి మామగారి ఎదుట, రొట్టెల పక్కన దించింది. ఐజిరేక్ కళ్లు తెరిచి తాతని చూసింది.



"పట్టీ గట్టిదే మామయ్యా," అంది జిపార్ తలవంచుకుని. "ఉయ్యాల ముడి మాత్రం, రాత్రి పాలివ్వడానికి లేచిన తల్లి దీపం వెలిగించకుండా ఒక్క వేలితో విప్పుకునేలా వేస్తాం. మీరు ఆ ముడే వేశారు. నాకు భయంగా ఉంది. ఇలాగైతే నేను కనుమ దిగను."

షైలోబెక్ ఊడిన పట్టీని చూశాడు, తర్వాత కొండ వైపు వెళ్లే రోడ్డుని చూశాడు. మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, కోటు బొత్తాలు తనే ఒక్కొక్కటీ విప్పడం మొదలెట్టాడు.

"ఎసెన్‌కుల్," అన్నాడు తలెత్తకుండా, "ఆ అంగడివాడి కంతలు నీకేమైనా తెలుసా?"

ఎసెన్‌కుల్ లేచి సీటు కారులో పెట్టాడు. బెల్టు దూర్చి, మోకాలేసి, పళ్లు బిగపట్టి లాగాడు. జిపార్ సీటు అడుగున పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు. రెండోసారి కూడా ఊపి చూసి, అప్పుడు పిల్లని కూర్చోబెట్టి సీటు పట్టీలు భుజాలకి ఆనేలా బిగించింది.

బురుల్చాకి మాత్రం కడుపులో నవ్వు ఆగడం లేదు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ముక్కు వంకరపోయేదాకా పొడిచిందన్నారే, ఆ గద్ద సంగతేమిటి మరి?"

షైలోబెక్ నోరు తెరిచేలోపే కారులోంచి జిపార్ అంది: "అది మగగద్ద అయ్యుంటుంది పిన్నీ. ఉయ్యాల ముడి సంగతి దానికేం తెలుసు!"