రోజుకు రెండు పోట్లు

గిమరాస్ దీవిలో సాయంత్రం బడి వదిలారు. ఆ రోజే తొలి పాఠం చెప్పిన ట్రైనీ టీచరు, తనకు మార్కులు వేయాల్సిన పెద్ద టీచరు ఎదుట కూర్చుంది.

"హెడ్మాస్టరు పిలిస్తే మధ్యలో వెళ్ళిపోయాను. ఎలా జరిగిందమ్మా?"

"బాగానే జరిగింది మేడమ్. ఎవరూ అల్లరి చేయలేదు."

"మరి మొహం అలా వేలాడేశావేం?"

"సముద్రానికి రోజుకొక్కసారే పోటు వస్తుందని చెప్పాను. జాలరి వాళ్ళ పిల్ల మరివిక్ లేచి, రెండుసార్లు టీచర్ అంది."

"నువ్వేమన్నావు?"

"పుస్తకంలో ఇలాగే ఉంది, కూర్చోమన్నాను. క్లాసంతా తనని చూసి నవ్వింది."

"పుస్తకంలో ఉందా?"

ఆమె తల దించుకుంది. "లేదు మేడమ్. ఇందాకే చూశాను. ఆ పేజీ నేను చదవకుండానే వెళ్ళాను."

"తర్వాత ఆ పిల్ల?"

"గంట కొట్టేదాకా తలెత్తలేదు. నాకు మార్కులు తగ్గించేయండి."

"తగ్గిస్తే ఆ పిల్ల తలెత్తుతుందా?"

ట్రైనీ తలెత్తి చూసింది.

"రేపు అందరి ముందూ తప్పు నాదేనని చెప్తాను. ఆ పాఠం మరివిక్‌నే చెప్పమంటాను."

"మరి నువ్వు?"

"తన బెంచీలో కూర్చుని వింటాను."

పెద్ద టీచరు మార్కుల కాగితాన్ని ఖాళీగానే సొరుగులో పెట్టింది.

"సరే. నీ పక్కన నాకూ కాస్త చోటుంచు."