మూతపడిన బానెట్

కార్ల షెడ్డులో చెల్లెలు నట్లు బిగించే పానాలు సంచిలో సర్దుతోంది. నాన్న ఆమెకిచ్చిన పాత కారులో, ఇంజిన్‌కి గాలీ పెట్రోలూ అందించే మానిఫోల్డు పగిలింది. కొత్తది ఏది బిగించాలన్నదే తగువు. అన్న షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఎత్తుగా ఉండేది పెట్టవే, రయ్యిమని దూసుకుపోతుంది.”

“పందేల్లో, అన్నయ్యా. నేను తిరిగేది సిగ్నళ్ల మధ్య. నెమ్మదిగా పోయేటప్పుడు బండి లాగాలి. నీది పెడితే ప్రతి మలుపులోనూ దగ్గి ఆగిపోతుంది. పొట్టిదే సరి.”

“నాకే పాఠాలా?”

“నాన్న చెప్పిన పాఠమే. నువ్వప్పుడు రేసులు చూడ్డానికి పోయావు. పైగా నీ ఎత్తుదానికి బానెట్ మూతపడదు.”

“కోసి కన్నం పెడతా. అదో అందం.”

“నాన్న కారుకి కన్నమా? చెయ్యి వేసి చూడు!”

“ఇది నా షెడ్డు. నా మాట వినకపోతే బయటికి నడు.”

“నడవడమెందుకు? పొట్టిది పొద్దున్నే బిగించేశాను. బానెట్ ఎంత చక్కగా మూతపడిందో చూసుకో. తప్పుకో.”

“వారంలో బండి తోసుకుంటూ వస్తావులే!”

తాళం ఒక్క తిప్పుకే కారు అందుకుంది. అన్న తప్పుకోక తప్పలేదు. వారమంతా అతను గుమ్మం వైపే చూశాడు.

చెల్లెలు ఆ షెడ్డు గడప మళ్లీ తొక్కలేదు. అది జరిగి ఇరవై రెండేళ్లు.